సోడియం ఎలక్ట్రానును ఇష్టంగా వదులుకుంటుందా? పాఠం ఒకటి చెబుతోంది, పట్టిక ఇంకొకటి చెబుతోంది

సందేహాలరాణి
మా అమ్మాయికి హైస్కూలు రసాయనశాస్త్రం చెబుతూ ఒక చోట ఆగిపోయాను. పాఠంలో ఉన్నది ఇది: సోడియం తన చివరి కర్పరంలోని ఒక్క ఎలక్ట్రానును వదులుకొని స్థిరత్వం పొందుతుంది, క్లోరిన్ ఆ ఎలక్ట్రానును తీసుకొని తానూ స్థిరత్వం పొందుతుంది. వినడానికి చక్కగానే ఉంది. నాలుగు పేజీలు తిప్పితే అయనీకరణ శక్తుల పట్టిక వచ్చింది. అందులో సోడియం ఎదురుగా మోల్‌కు 496 కిలోజౌళ్లు అని ఉంది. అంటే ఆ ఎలక్ట్రానును బయటికి లాగడానికి అంత శక్తి మనమే పెట్టాలి. వదిలేస్తే తనకే మేలు జరిగే పనికి బయటినుంచి శక్తి ఎందుకు పెట్టాలని అమ్మాయి అడిగింది. స్థిరత్వం అంటే శక్తి తగ్గడమే కదా? రెండింటిలో ఏది నిజం?

నల్లబల్ల
పట్టికలోది నిజం. పాఠంలోది మొదటి మెట్టు. చివరి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రానులు ఉంటే పరమాణువు స్థిరంగా ఉంటుందనే అష్టక నియమం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులం అందరం అలాగే మొదలుపెడతాం. సోడియం ఒకటి వదిలితే నియాన్ అమరిక వస్తుంది, క్లోరిన్ ఒకటి తీసుకుంటే ఆర్గాన్ అమరిక వస్తుంది. ఏ మూలకం ఎంత ఆవేశంతో అయాను (ఆవేశం ఉన్న పరమాణువు) అవుతుందో పిల్లలు చప్పున చెప్పగలగడానికి ఇంతకన్నా తేలికైన దారి నాకు కనిపించలేదు.

కొలతబద్ద
తేలికైన దారే, కానీ తప్పు ఊరికి చేరుస్తుంది. ఒంటరి సోడియం పరమాణువు తనంతట తాను ఎలక్ట్రానును వదలదు. సోడియమే కాదు, ఆవర్తన పట్టికలో ఏ మూలకమూ వదలదు. అన్నిటికన్నా సులువుగా లొంగే సీజియానికి కూడా మోల్‌కు 376 కిలోజౌళ్లు పెట్టాలి. హీలియానికైతే 2372. కేంద్రకం ధనావేశం, ఎలక్ట్రాను రుణావేశం. ఆ ఆకర్షణను తెంచాలంటే ఎప్పుడైనా ఖర్చే. ఆ పట్టిక మొత్తం వెతికినా సున్నా గానీ రుణసంఖ్య గానీ దొరకదు.

సందేహాలరాణి
అయితే క్లోరిన్ లాక్కుంటోందన్నమాట. దానికి అంత బలం ఉందా?

కొలతబద్ద
అదీ చాలదు. ఒంటరి క్లోరిన్ పరమాణువుకు ఒక ఎలక్ట్రాను చేరితే మోల్‌కు 349 కిలోజౌళ్లు విడుదలవుతాయి. పెట్టవలసింది 496, తిరిగి వచ్చేది 349. ఇంకా 147 లోటు. శూన్యంలో ఒక సోడియం పరమాణువును, ఒక క్లోరిన్ పరమాణువును దూరదూరంగా ఉంచండి. ఎలక్ట్రాను సోడియం దగ్గరే ఉండిపోతుంది.

చివరిబెంచి
మరి ఇన్ని సముద్రాల ఉప్పు ఎక్కడినుంచి వచ్చింది? లోటు బడ్జెట్‌తోనే నడిపారా?

అణువణువు
చివరిబెంచి గారు నవ్వుతూ అడిగినా అసలు ప్రశ్న అదే. లోటు తీరేది దూరం తగ్గినప్పుడు.

ధనాయాను, రుణాయాను దగ్గరికి వస్తున్నకొద్దీ వాటి మధ్య ఆకర్షణ వల్ల శక్తి తగ్గుతూ పోతుంది. లెక్క వేస్తే రెండింటి మధ్య దూరం సుమారు 0.95 నానోమీటర్లకు చేరేసరికి ఆ 147 కిలోజౌళ్ల లోటు సరిగ్గా పూడుతుంది. అంతకన్నా దగ్గరైతే ఎలక్ట్రాను క్లోరిన్ దగ్గర ఉండటమే లాభం. అంటే ఎలక్ట్రాను చేతులు మారడమనే పని ఒక్క సోడియంలోనో, ఒక్క క్లోరిన్‌లోనో జరిగేది కాదు. రెండూ ఎంత దూరంలో ఉన్నాయన్నదాన్ని బట్టి జరుగుతుంది.

స్ఫటికంలో అవి ఇంకా దగ్గర. పక్కపక్క అయానుల కేంద్రకాల మధ్య దూరం 0.282 నానోమీటర్లు. పైగా జతలు జతలుగా ఉండవు. ప్రతి సోడియం అయాను చుట్టూ ఆరు క్లోరైడులు, ప్రతి క్లోరైడు చుట్టూ ఆరు సోడియం అయానులు. చెల్లాచెదురుగా ఉన్న వాయు అయానులు అలా పేరుకున్నప్పుడు మోల్‌కు సుమారు 787 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. ఈ పేర్పును జాలకం అని, ఈ శక్తిని జాలక శక్తి అని అంటారు. లోటు అంతా తీర్చేది ఇదే.

మొత్తం లెక్క ఒకసారి చూడండి. సోడియం లోహాన్ని విడి పరమాణువుల ఆవిరిగా మార్చడానికి 107. క్లోరిన్ అణువును విడగొట్టి ఒక పరమాణువు తీయడానికి 121. అయనీకరణకు 496. ఖర్చు 724. ఇటువైపు క్లోరిన్‌కు ఎలక్ట్రాను చేరితే 349, జాలకం కట్టుకుంటే 787. రాబడి 1136. తేడా 412. ప్రయోగశాలలో కొలిచిన విలువ 411. ఈ లెక్క పద్ధతిని 1919లో మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ ఇచ్చారు. నాకు రసాయనశాస్త్రం మీద ప్రేమ పుట్టింది ఈ కూడికతోనే.

సందేహాలరాణి
ఇప్పుడు అర్థమవుతోంది. అమ్మాయికి ఈ అంకెలు కాగితం మీద వేసి చూపించాను. 1136, 724 చూడగానే ముఖం వెలిగిపోయింది. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. జాలకంతో అంత రాబడి ఉంటే సోడియం రెండు ఎలక్ట్రానులు వదిలి ఇద్దరు క్లోరిన్‌లను పట్టుకోవచ్చు కదా, అప్పుడు ఇంకా ఎక్కువ వస్తుంది కదా అని.

నల్లబల్ల
ఈ ప్రశ్న వేసిన పిల్ల చాలా దూరం వెళ్తుంది. నేను పాఠం చెప్పే గదిలో ఈ ప్రశ్న వచ్చిన రోజు నాకు పండగ.

కానీ ఒక మాట. కొలతబద్ద గారు అష్టక నియమాన్ని పూర్తిగా కొట్టిపారేస్తున్నారు. రెండో ఎలక్ట్రాను ఎందుకు రాదో చెప్పాలంటే మళ్లీ ఆ కర్పరాల దగ్గరికే రావాలి. చూద్దాం ఎలా చెబుతారో.

కొలతబద్ద
కర్పరాలను నేను కాదనలేదు. ఎనిమిది అనే అంకెకు ఏదో మహిమ ఉన్నట్టు, దాన్ని అందుకోవాలని పరమాణువు ఆరాటపడుతున్నట్టు చెప్పడాన్నే కాదన్నాను.

సోడియం కేంద్రకంలో 11 ప్రోటానులు. లోపల 2, వాటి బయట 8, చిట్టచివర 1 ఎలక్ట్రాను. ఆ చివరిదానికీ కేంద్రకానికీ మధ్య పది ఎలక్ట్రానులు అడ్డు. కాబట్టి దానికి తగిలే లాగుడు 11 ప్రోటానులది కాదు, ఒకటి రెండు ప్రోటానులది మాత్రమే. పైగా అది దూరంగా ఉంది. అందుకే 496తో సరిపోయింది. అది పోయాక రెండోదాన్ని తీయాలంటే లోపలి కర్పరం నుంచి తీయాలి. అది కేంద్రకానికి దగ్గర, దానికి అడ్డు తక్కువ, తీస్తున్నది కూడా అప్పటికే ధనావేశం ఉన్న అయాను నుంచి. ఖర్చు ఒక్కసారిగా 4562 అవుతుంది. మొదటిదానికి తొమ్మిది రెట్లు.

మెగ్నీషియంతో పోల్చండి. మొదటిది 738, రెండోది 1451, మూడోది 7733. గోడ ఎక్కడుందో అంకెలే చూపిస్తున్నాయి. సోడియానికి ఒకటి తరవాత, మెగ్నీషియానికి రెండు తరవాత. జాలకం ఇవ్వగలిగినంత వరకే ఎలక్ట్రానులు పోతాయి, గోడ దగ్గర ఆగిపోతాయి. ఆగిన చోట మిగిలింది నియాన్ అమరిక. అంటే ఎనిమిది కారణం కాదు, ఫలితం.

అణువణువు
ఆ రెండో ఎలక్ట్రానుకు కూడా లెక్క వేసేద్దాం. సోడియం రెండు ధనావేశాలతో ఉండే క్లోరైడు ఒకటి ఉందనుకోండి. దాని జాలక శక్తి మెగ్నీషియం క్లోరైడుకు దగ్గరగా, సుమారు 2500 ఉండవచ్చు. ఖర్చు: 107, క్లోరిన్ అణువుకు 243, అయనీకరణకు 496, 4562. మొత్తం 5408. రాబడి: రెండు క్లోరిన్‌లకు 698, జాలకానికి 2500. మొత్తం 3198. రెండువేల కిలోజౌళ్లకు పైగా నష్టం. అలాంటి పదార్థం ఏర్పడినా ఒక్క క్షణం నిలవదు.

నల్లబల్ల
ఎనిమిది ఫలితం అన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఫలితాన్ని గుర్తుపెట్టుకోవడం వల్ల పిల్లలకు ఉపయోగం ఉంది. కారణం తరవాతి తరగతిలో చెబుదాం.

హేతువు
తరవాతి తరగతి దాకా ఆగితే ఏమవుతుందో ఒక ఉదాహరణ. జడవాయువులకు ఎనిమిది ఉన్నాయి కాబట్టి అవి దేనితోనూ కలవవని చాలా కాలం నమ్మారు. 1962లో నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడుతో పనిచేస్తుంటే అది ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రానును లాగేసిందని తేలింది. ఆయన పట్టిక తీసి చూశారు. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి సుమారు 1175. జినాన్‌ది 1170. దీన్నుంచి లాగగలిగితే దాన్నుంచి ఎందుకు లాగలేదని జినాన్‌తో కలిపి చూశారు. నారింజ పసుపు రంగు ఘనపదార్థం వచ్చింది. ఎనిమిది ఉన్న పరమాణువు మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు ఆ ప్రయోగం చేయనేలేదు. పట్టికను నమ్మిన మనిషి చేశారు.

నల్లబల్ల
హేతువు గారి ఉదాహరణ చాలా బాగుంది. రేపటి పాఠంలో వాడుకుంటాను.

గోరింటాకు
చిన్న ప్రశ్న. మా తమ్ముడి కొడుకు ధనాయాను అంటే ప్రోటాను ఒకటి ఎక్కువ చేరిందని రాశాడు. ఎన్నిసార్లు చెప్పినా పోవడం లేదు. ప్లస్ గుర్తు ఉందంటే ఏదో కలిసిందనుకుంటున్నాడు.

కొలతబద్ద
అంకెలు రాయించండి. సోడియం పరమాణువు: ప్రోటానులు 11, ఎలక్ట్రానులు 11, ఆవేశం సున్నా. సోడియం అయాను: ప్రోటానులు 11, ఎలక్ట్రానులు 10, ఆవేశం ప్లస్ 1. ప్రోటానుల గడిలో అంకె మారితే మూలకమే మారిపోతుంది. 12 అయితే అది మెగ్నీషియం. కేంద్రకాన్ని కదిలించడానికి కావలసిన శక్తి రసాయన చర్యల్లో దొరకదు, దానికి లక్షల రెట్లు ఎక్కువ కావాలి.

శూన్యసాధన
కేంద్రకంలో మారదు, నిజమే. కానీ ప్రోటాను చేరి ధనాయాను అయ్యే సందర్భాలు ఉన్నాయి, అబ్బాయిని మరీ గట్టిగా కోప్పడకండి. అమ్మోనియా అణువుకు ఒక ప్రోటాను అతుక్కుంటే అమ్మోనియం అయాను. ప్రోటాను ఏ కేంద్రకంలోకీ వెళ్లదు, నైట్రోజన్ మీద ఉన్న ఎలక్ట్రాను జంటను పట్టుకుని అణువు బయటే ఉంటుంది.

నేను ద్రవ్యరాశి వర్ణపటమాపకం మీద, అంటే అణువులను తూచే యంత్రం మీద పనిచేస్తాను. అందులో తూకం వేయాలంటే ముందు అయాను చేయాలి, ఆవేశం లేనిదాన్ని విద్యుత్ క్షేత్రం పట్టించుకోదు. పాత పద్ధతిలో ఒక సన్నని తీగను ఎర్రగా కాల్చి, దాన్నుంచి వచ్చే ఎలక్ట్రానులను 70 ఎలక్ట్రాన్ వోల్టుల (ఒక్కో ఎలక్ట్రాను శక్తిని కొలిచే ప్రమాణం) దాకా వేగం పెంచి నమూనా ఆవిరి మీదికి పంపుతాం. వచ్చి తగిలిన ఎలక్ట్రాను అణువులోని ఇంకో ఎలక్ట్రానును తన్ని బయటికి పంపుతుంది. ఎలక్ట్రానుతో కొట్టి ఎలక్ట్రానును తీయడం. ఇక్కడ క్లోరిన్ లేదు, జాలకం లేదు, ఖర్చు మొత్తం యంత్రానిదే. ఆ దెబ్బకు చాలా అణువులు ముక్కలవుతాయి కూడా. ప్రోటీన్ల వంటి పెద్ద అణువులు దానికి తట్టుకోలేవు. వాటికి మెత్తని పద్ధతి ఉంది. ద్రావణాన్ని సూది కొన నుంచి ఎక్కువ వోల్టేజి కింద తుంపరగా చల్లుతాం. తుంపర ఆరుతున్నకొద్దీ ప్రోటానులు అంటుకున్న అణువులు ఆవేశంతో మిగులుతాయి. ఒక్కో ప్రోటీన్‌కు పదీ ఇరవై అంటుకుంటాయి. ఈ పద్ధతికి జాన్ ఫెన్ 2002లో నోబెల్ అందుకున్నారు.

చివరిబెంచి
ఎలక్ట్రానుతో ఎలక్ట్రానును తీయడం అంటే ముల్లును ముల్లుతో తీయడం అన్నమాట.

గోరింటాకు
ఈ మాట వాడికి బాగా గుర్తుంటుంది, చెబుతాను. ప్రోటానుల గడి కూడా గీయిస్తాను.

దీపకళిక
మంటలో సోడియం లవణం వేస్తే పసుపు వెలుగు వస్తుంది కదా. అక్కడ అయాను అవుతోందా?

అణువణువు
పసుపు వెలుగు అయాను వల్ల కాదు, ఎలక్ట్రాను పోని పరమాణువు వల్ల. మంట వేడికి చివరి ఎలక్ట్రాను ఒక మెట్టు పైకెక్కి దిగుతుంది, దిగేటప్పుడు 589 నానోమీటర్ల కాంతి ఇస్తుంది. ఆ మెట్టు ఎత్తు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. పూర్తిగా బయటికి పోవాలంటే 5.14 కావాలి, మోల్‌కు 496 కిలోజౌళ్లు అన్నది ఒక్క పరమాణువు లెక్కన ఇదే. కాంతితోనే ఆ పని చేయించాలంటే తరంగదైర్ఘ్యం 241 నానోమీటర్లకు మించకూడదు, అంటే అతినీలలోహితం. కంటికి కనిపించే కాంతి ఎంత ప్రకాశంగా ఉన్నా మామూలుగా ఒంటరి సోడియం పరమాణువును అయాను చేయలేదు.

నక్షత్రశాల
వేడి మాట వచ్చింది కాబట్టి నేనూ కలుగజేసుకుంటాను. మీరంతా రసాయన చర్యల అయానుల గురించి మాట్లాడుతున్నారు. విశ్వంలో కనిపించే పదార్థంలో ఎక్కువ భాగం అయానులుగానే ఉంది, అక్కడ ఇచ్చిపుచ్చుకోవడాలు ఏమీ లేవు.

వాయువును వేడిచేస్తే పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. కొన్ని గుద్దులకు ఎలక్ట్రాను ఊడిపోతుంది. ఊడినది మళ్లీ ఏదో ఒక అయానును కలిసి అతుక్కుంటుంది. ఊడటం, అతుక్కోవడం సమానమైన చోట ఎంత భాగం అయానులుగా ఉంటుందో లెక్క కట్టే సమీకరణాన్ని 1920లో మేఘనాథ్ సాహా ఇచ్చారు. అందులో ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, పీడనం కూడా ఉంది. వాయువు పలుచగా ఉంటే ఊడిన ఎలక్ట్రానుకు తిరిగి అతుక్కోవడానికి అయాను దొరకడం కష్టం, అందుకే పలుచని వాయువు తక్కువ వేడికే ఎక్కువగా అయనీకరణ చెందుతుంది.

సూర్యుడి ఉపరితలం సుమారు 5800 కెల్విన్లు. అక్కడ హైడ్రోజన్ దాదాపు అంతా పరమాణువులుగానే ఉంది, దానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కాల్షియానికి 6.11 చాలు, అది చాలా వరకు అయానుగా మారిపోయింది. సూర్యకాంతి వర్ణపటంలో 393, 397 నానోమీటర్ల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపించే రెండు నల్లగీతలు ఒక ఎలక్ట్రాను పోగొట్టుకున్న కాల్షియానివి. సాహాకు ముందు గీతలు ఎంత ముదురుగా ఉంటే మూలకం అంత ఎక్కువ ఉందనుకునే వీలుండేది. ఆయన తరవాత ఆ గీతలు ఉష్ణోగ్రతను కూడా చెబుతున్నాయని తెలిసింది. నక్షత్రాలను చదవడం మనకు నేర్పింది ఈ ఒక్క సమీకరణం అంటే అతిశయోక్తి కాదు.

ఇంకో సంగతి. అదే సూర్యుడిలో కొద్దిపాటి హైడ్రోజన్ పరమాణువులు ఎలక్ట్రానును పోగొట్టుకోవడానికి బదులు ఒకదాన్ని అదనంగా పట్టుకుంటాయి. ఆ రెండో ఎలక్ట్రాను పట్టు 0.75 ఎలక్ట్రాన్ వోల్టులే. ఈ బలహీనమైన రుణాయానే సూర్యుడి లోపలి నుంచి వచ్చే కాంతిని ఎక్కువగా పీల్చుకుంటోందని 1939లో రూపర్ట్ విల్ట్ గుర్తించారు. మనం చూసే సూర్యబింబం అంచు అంత స్పష్టంగా ఉండటానికి కారణం అదే.

హేతువు
హైడ్రోజన్ రెండు వైపులకూ వెళ్తుందన్నమాట. ఒకటి పోతే వట్టి ప్రోటాను మిగులుతుంది, ఒకటి చేరితే హైడ్రైడు.

చివరిబెంచి
సోడియం కూడా అలా ఒకటి అదనంగా తీసుకోగలదా?

కొలతబద్ద
తీసుకోగలదు. సోడియం పరమాణువుకు ఎలక్ట్రాను చేరితే మోల్‌కు 53 కిలోజౌళ్లు విడుదలవుతాయి. వదలడానికి ఖర్చు పెట్టాలి, తీసుకుంటే లాభం వస్తుంది. ఇష్టం అనే మాట వాడాలంటే సోడియానికి ఎలక్ట్రాను తీసుకోవడమే ఇష్టం అనాలి! 1974లో జేమ్స్ డై బృందం రుణావేశంతో ఉన్న సోడియం అయానులు గల స్ఫటికాన్నే తయారుచేసి చూపింది. పంజరం లాంటి పెద్ద అణువు ఒక సోడియం అయానును తనలో బంధించి కాపాడితే, వదిలిన ఎలక్ట్రాను ఇంకో సోడియానికి చేరింది.

సందేహాలరాణి
రుణావేశం ఉన్న సోడియమా! ఇది మాత్రం అమ్మాయికి పరీక్షలయ్యాక చెబుతాను.

లిథియం3
సోడియం ముక్కను నీళ్లలో వేస్తే పేలడం అందరికీ తెలుసు. పుట్టిన హైడ్రోజన్ మండడం వల్ల అని చదువుకున్నాం. 2015లో పావెల్ యుంగ్‌విర్త్ బృందం సోడియం పొటాషియం మిశ్రలోహపు బొట్టును నీళ్లలో పడేసి అతివేగ కెమెరాతో తీసింది. బొట్టు నీటిని తాకిన మిల్లీసెకను లోపే దాని ఒంటి నిండా లోహపు ముళ్లు పొడుచుకొచ్చాయి. మంట ఇంకా మొదలే కాలేదు. ఉపరితలంలోని పరమాణువుల నుంచి ఎలక్ట్రానులు నీటిలోకి దూకేశాయి, లోహం వైపు ధనావేశాలు పక్కపక్కనే మిగిలాయి. అవి ఒకదాన్నొకటి నెట్టుకుని బొట్టును ముళ్లుగా చీల్చేశాయి. దాంతో కొత్త లోహం నీటికి తగిలి చర్య ఇంకా ఉధృతమైంది. ఎలక్ట్రాను పోవడం అంటే ఏమిటో కళ్లకు కట్టిన దృశ్యం అది.

శూన్యసాధన
నేను ద్రవ అమోనియాలో సోడియం కరిగించి చూశాను. ఒక చిన్న ముక్క వేయగానే దాని అంచు నుంచి ముదురు నీలం దారాల్లా దిగుతుంది, చూస్తుండగానే గాజుపాత్ర అంతా సిరా నింపినట్టు అవుతుంది. ఆ నీలం సోడియానిది కాదు. విడిపోయిన ఎలక్ట్రానులది. ప్రతి ఎలక్ట్రాను చుట్టూ అమోనియా అణువులు మూగి దానికి చోటిస్తాయి. పుచ్చుకునే పరమాణువు ఏదీ లేకుండానే సోడియం అయాను అయిపోయింది, ద్రావణి రెండింటినీ నిలబెట్టింది.

అణువణువు
అందుకే జాలకం ఒక్కటే దారి కాదు. నీళ్లలో ఆ పని నీటి అణువులు చేస్తాయి. సోడియం అయాను చుట్టూ ఆక్సిజన్ వైపు తిప్పుకుని నీటి అణువులు చేరితే మోల్‌కు సుమారు 400 కిలోజౌళ్లు వస్తాయి. ఉప్పు నీళ్లలో కరగడం కొత్తగా అయానులను పుట్టించడం కాదు, స్ఫటికంలో అప్పటికే ఉన్నవాటిని విడదీయడం. ఇది కూడా పిల్లలు తరచూ కలగాపులగం చేసుకునే చోటు.

గోరింటాకు
ఇంకొకటి అడగవచ్చా? సోడియం ఒక్కటి వదిలితే అంత గొడవైతే, ఆక్సిజన్ రెండు తీసుకుంటుంది కదా, దానికి రెట్టింపు లాభమా?

కొలతబద్ద
రెట్టింపు కాదు, రెండోదానికి ఎదురు ఖర్చు. మొదటి ఎలక్ట్రాను చేరితే 141 వస్తుంది. అప్పటికే రుణావేశం ఉన్న అయాను మీదికి ఇంకో ఎలక్ట్రానును నెట్టాలంటే 700 దాటి పెట్టాలి. విడిగా, వాయుస్థితిలో రెండు రుణావేశాల ఆక్సైడు అయాను నిలవదు, అదనపు ఎలక్ట్రాను వెంటనే జారిపోతుంది. మెగ్నీషియం ఆక్సైడులో నిలబడిందంటే జాలకం సుమారు 3800 కిలోజౌళ్లు ఇస్తోంది కాబట్టే. అక్కడ ఆవేశాలు రెండూ రెండూ, ఆకర్షణ సుమారు నాలుగు రెట్లు.

నల్లబల్ల
ఇనుము సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎలక్ట్రానులు నింపేటప్పుడు 4ఎస్ (నాలుగో కర్పరంలోని ఒక ఉపకర్పరం) ముందు, 3డీ (మూడో కర్పరంలోనిది) తరవాత అని చెబుతాం. చివర నిండింది ముందు పోవాలి కదా, 4ఎస్ ఎందుకు పోతుందని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు.

అణువణువు
నింపే వరుస ఒక పరమాణువు నుంచి పక్క పరమాణువుకు వెళ్లేటప్పటిది, అక్కడ ప్రోటానులు కూడా ఒక్కొక్కటి పెరుగుతూ వస్తాయి. అయాను చేసేటప్పుడు ప్రోటానులు అలాగే ఉంటాయి, ఎలక్ట్రానులే తగ్గుతాయి. ఇనుములో 26 ప్రోటానుల లాగుడుకు 3డీ లోపలికి కుదించుకుని ఉంటుంది, 4ఎస్ బయట ఉంటుంది. బయట ఉన్న రెండూ ముందు పోతాయి. ఆ తరవాత ఒక 3డీ కూడా పోతే మూడు ధనావేశాల ఇనుము. ఇక్కడ ఎనిమిది ఎక్కడా లేదు, నల్లబల్ల గారు గమనించాలి.

నల్లబల్ల
గమనించాను. ఇనుము వచ్చేసరికి అష్టకం చెల్లదని నేనే నల్లబల్ల మీద రాస్తాను.

సందేహాలరాణి
ఇందాకటి అంకెలతో అమ్మాయి మెగ్నీషియం క్లోరైడు లెక్క వేసింది. లోహాన్ని ఆవిరి చేయడానికి 148 అని పట్టికలో వెతికి తీసుకుంది. ఖర్చు 148, 243, 738, 1451. రాబడి 698, జాలకానికి 2526. తేడా 644 లాభం. పుస్తకంలో 641 ఉంది. ఇప్పుడు అల్యూమినియం క్లోరైడు వేస్తానంటోంది. మూడు అయనీకరణ శక్తులు 578, 1817, 2745. ఇవి కలిపితేనే 5140 అయ్యాయి. ఇదీ అలాగే తేలుతుందా?

అణువణువు
వేయనివ్వండి, కానీ ఒకటి చెప్పి వేయించండి. అంత చిన్న అయాను మీద మూడు ధనావేశాలు ఉంటే అది పక్కనున్న క్లోరైడు ఎలక్ట్రాను మేఘాన్ని తనవైపు గుంజుకుంటుంది. పూర్తిగా వదలడం జరగదు, పంచుకోవడం మొదలవుతుంది. కాబట్టి అయానులే ఉన్నాయనుకుని వేసిన లెక్కకూ కొలిచిన విలువకూ సోడియంలో కుదిరినంత బాగా కుదరదు. ఆ తేడా ఎంత వచ్చిందో చూడమనండి. సోడియం క్లోరైడు 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నీరు లేని అల్యూమినియం క్లోరైడు సుమారు 180 దగ్గరే ఆవిరై లేస్తుంది, ఆ ఆవిరిలో రెండేసి అల్యూమినియాలు, ఆరేసి క్లోరిన్‌లు కలిసిన అణువులు ఉంటాయి.

కొలతబద్ద
అదే పదార్థాన్ని నీళ్లలో వేస్తే మూడు ధనావేశాల అల్యూమినియం అయాను వస్తుంది, చుట్టూ ఆరు నీటి అణువులతో. ఆ 5140లో ఎక్కువ భాగం ఈసారి నీరే భరిస్తుంది. ఈ అయానుకు నీరు ఇచ్చే శక్తి సుమారు 4700 కిలోజౌళ్లు. సోడియం అయానుకు 400 ఇచ్చిన నీరే. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోమనండి.